తన్నలేదు, తిన్నాను

షెఫీల్డ్, 12 నవంబర్ 2014

పెదనాన్నకు నమస్కారాలు. నేను కులాసాగా ఉన్నాను, కంగారు పడకండి.

పోయిన కార్డులో నా అక్షరాలు వణికాయని పెద్దమ్మ ఫోన్‌లో ఒకటే గోల. "జ్వరమా? ఆ పక్కగది సిరితో కలిసి ఎవర్ని తన్నావే?" అంది. ఎవర్నీ తన్నలేదు. "సిరితో కలిసి తిన్నాను" అని రాస్తే, గుడి జారి తలకట్టయింది. జిమ్‌లో మొదటిసారి బరువులెత్తి, వచ్చీ రాగానే కార్డు రాశాను. అలవాటు లేని కండరాలు అలిసిపోతే అలా వణుకుతాయట. అన్నం తిని కాసేపు కూర్చుంటే తగ్గిపోయింది.

మీ చేతి వణుకు వేరని, కూర్చుంటే పోయేది కాదని తెలుసు. మాత్రలు మానకండి. పెద్దమ్మ మోకాలు ఎలా ఉంది? కందిపొడి పంపితే కారం తగ్గించమనండి.

మీరు బ్రష్షులన్నీ అటకెక్కించారట. ఊళ్లో సగం కొట్లకి బోర్డులు రాసిన మీరు నాకొక్కటి రాయాలి. ఇక్కడ అందరి గది తలుపులకీ పేర్లున్నాయి, నాదే బోసిగా ఉంది. అట్టముక్క మీద నా పేరు తెలుగులో, మీ చేత్తోనే రాసి పంపండి. వంకరపోతే పోనివ్వండి. నా పేరు నేను చదువుకోగలను.

మీ ప్రఫుల్ల