ఒక చెవి తీసి ఆడే మనవరాలు

చెల్లెలు అంజనమ్మకు అక్క దీవెనలు. నీ మోకాలు ఎలా ఉంది? మరిది దగ్గు తగ్గిందా? నీ కోడలికి జ్వరం తిరగబెట్టలేదు కదా? నాకు అదే దిగులు. ఫోనులో చెబితే ఇక్కడ నా కోడలు వింటుందని కార్డు రాస్తున్నాను. పోస్టుమాన్ చదివినా ఫరవాలేదు.

కాలేజీకి పోయే నా మనవరాలు హారికకు కంప్యూటరు ఆటలకు హెడ్‌సెట్ కావాలి. నేను కొనిస్తానన్నాను. అంతలో కోడలి తల్లి కాత్యాయని, నాలుగు వేలదైనా తానే తెస్తానని, అందులో సరౌండ్ ఉంటుందని, శత్రువు అడుగులు వెనక నుంచి వినిపిస్తాయని ఫోనులో గొప్పలు పోయింది. నాకు కడుపు మండిపోయింది. నిన్ననే హారికను కుందలహళ్ళిలో అంగడికి లాక్కుపోయి, ఆ సరౌండ్ ఉన్నదే ఇవ్వమన్నాను.

హారిక నవ్వింది. "వద్దవ్వా. లోపల ఉండేది రెండు స్పీకర్లే, చుట్టూ మోగినట్టు మాయ చేస్తాది. దానికి రెండు చెవులూ మూసుకోవాల. నువ్వు పిలిస్తే వినబడాలని నేను ఎప్పుడూ ఒక చెవి తీసే ఆడతా గదా" అని పదిహేను వందలదే తీసుకుంది.

ఆ మాట కాత్యాయని ముందర మళ్ళీ అనిపించాలని నా కోరిక. అయినా ఆమె తన సరౌండుది తెచ్చి పెడితే, పిల్ల మనసు మారుతుందేమోనని భయంగా ఉంది. అందుకే, కావాలంటే అంగడిలో మార్చుకోవచ్చని డబ్బా ఇంకా విప్పనివ్వలేదు.

ఆవు ఈనిందా? వచ్చేటప్పుడు పచ్చి శనక్కాయలు తే, హారికకు ఇష్టం. అందరినీ అడిగానని చెప్పు. కాత్యాయని మార్చి పద్దెనిమిదిన వస్తుంది. నువ్వు పదిహేడునే వచ్చి నా పక్కన కూర్చోవాలి.