అరటికాయల కత్తి

టోటెన్‌హామ్,
మార్చి 3

ప్రియమైన నాన్నకు,

నానమ్మ రెండు వారాలుగా అరటికాయలు తరిగే చిన్న కత్తి కోసం ఇల్లంతా గాలిస్తోంది. నన్నూ, పక్కింటావిడనీ, చివరికి పాస్టర్‌నీ అనుమానిస్తోంది.

బడిలో కత్తుల మీద పాఠం పెట్టారు. పోలీసాయన తెర మీద పట్టుబడ్డ కత్తుల ఫొటోలు చూపించాడు. మూరెడేసి, రంపం పళ్ళవి. చూసి భయపడి కత్తులు పట్టుకు తిరగడం మానేస్తామని ఆయన ఆశ. భయమైతే పుట్టింది. బయటికొచ్చాక మా క్లాసు జేడెన్ ఏమన్నాడో తెలుసా? "అమ్మో, ఇలాంటివి పట్టుకు తిరుగుతున్నారా! నేనూ ఒకటి సంపాదించాల్సిందే." అందరూ తలూపారు.

వచ్చే పాఠంలో పిల్లలే మాట్లాడాలట. మా టీచర్ మిస్ ఒకాఫోర్ నా పేరు రాసేసింది. నువ్వు ఓడ మీద పనిచేస్తున్నావని అందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడేం మాట్లాడను?

నీ అఫియా


జైలు నుంచి,
మార్చి 9

బంగారు తల్లీ,

నన్ను ఓడెక్కించావా! ఈత కూడా రానివాణ్ణి. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

ఆ ఫొటోలు వద్దు, నా సంగతి చెప్పు. పదకొండేళ్ళ కింద నేను జేబులో కత్తి పెట్టుకున్నది ఎవర్నో పొడవడానికి కాదు, భయపడి. చికెన్ కొట్టు ముందు డారెన్ అనే కుర్రాడు నన్ను తోశాడు, నేను వాణ్ణి తోశాను, కత్తి బయటికొచ్చింది. అంతా నాలుగు క్షణాలు. వాడు చచ్చిపోయాడు. జేబులో కత్తి లేకపోతే వాచిన పెదవితో ఇంటికొచ్చి మీ నానమ్మ చేత చీవాట్లు తినేవాణ్ణి. వాడూ వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళేవాడు. కోర్టులో ఆవిడ వాడి కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నా వైపు చూడనైనా లేదు.

ఇది క్లాసులో చదువుతావో చింపేస్తావో నీ ఇష్టం. నా పరువు సంగతి వదిలెయ్, జేడెన్ సంగతి చూడు.

మీ నాన్న, క్వాబెనా


టోటెన్‌హామ్,
మార్చి 17

నా బంగారు నాన్నా,

గెలిచాం! "మా నాన్న ఓడ మీద లేడు, జైల్లో ఉన్నాడు" అని చెప్పేసి నీ ఉత్తరం చదవడం మొదలుపెట్టాను. కోటు దగ్గరికొచ్చేసరికి ఇక చదవలేకపోతే జేడెన్ లేచొచ్చి మిగతాది చదివాడు.

చర్చి పక్కన కత్తులు తెచ్చి పడేయడానికి డబ్బా పెట్టారు, ఎవరూ పేరడగరు. సాయంత్రం గుంపుగా వెళ్ళాం. తొమ్మిది కత్తులు నాన్నా, తొమ్మిది! "మీ నాన్నకి రాయవే, నాది ఇంకా అట్టపెట్టె కూడా విప్పలేదని" అన్నాడు జేడెన్.

మొదటిది మాత్రం నాది. బడి నుంచి కాలవ దారిన ఒక్కదాన్నే రావాలంటే భయమేసి, నానమ్మ కత్తి సంచిలో వేసుకు తిరిగాను. నీలాగే. ఇంట్లో చెప్పేశాను. నానమ్మ గరిటెతో వంటిల్లంతా తరిమింది, దొరికాక వాటేసుకుని వదల్లేదు. ఇప్పుడు పెద్ద కత్తితో తరుగుతూ రోజూ సణుగుతోంది. కాలవ దారిన ఐదుగురం కలిసి వస్తున్నాం.

నిన్ను ఓడ దింపేసిన నీ కూతురు,
అఫియా