కారు తాళం నా దగ్గరే ఉంది

అన్నయ్యా,

కారు తాళం కోసం ఇల్లంతా వెతక్కు, నేనే పట్టుకెళ్తున్నాను. తాళం తగిలించే మేకుకే ఈ కాగితం గుచ్చాను. ఇవాళ పిల్లల్ని బస్సులో బడికి తీసుకెళ్లు.

మెకానిక్ షెడ్డులో పనికి చేరానని నువ్వు ముచ్చటపడి కొనిచ్చిన, నట్లు బిగించే ఎయిర్ గన్నుతో నిన్న ఒక వ్యాను చక్రాలు బిగించాను. మేస్త్రి తన పాత టార్క్ రెంచి పెట్టి చూశాడు. నట్టు సరిగ్గా బిగిసిందంటే అది టక్కుమంటుంది. నావి అన్నీ ఇంకా తిరిగాయి, వదులుగానే ఉన్నాయన్నమాట. "గన్ను అరిచినంత మాత్రాన సరిపోదమ్మా, చివర్న దీంతో చూసుకోవాలి" అన్నాడు. పోయినవారం నీ కారు చక్రాలు బిగించింది ఆ గన్నుతోనే.

సాయంత్రమంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. చెబుదామని మూడుసార్లు నీ గది దాకా వచ్చాను. నువ్వేమో ఫోన్లో "మా చెల్లికి గన్ను నేనే కొనిచ్చా" అని మురిసిపోతున్నావు. గుమ్మం నుంచే వెనక్కి తిరిగాను.

ఇకమీదట పనిముట్లు నేనే చూసి కొనుక్కుంటాను, ఏమీ అనుకోకు. ముందు ఆ రెంచి. ఇవాళ్టికి మేస్త్రిది అడిగి తెస్తాను. ఇరవై నట్లూ టక్కుమనేదాకా పక్కనే నిలబడి విను.

వదిన అడిగితే బ్యాటరీ దిగిపోయిందని చెప్పు. వారం నుంచి పిల్లలు ఏ చక్రాల మీద తిరిగారో తనకి తెలియనివ్వకు.

నీ చెల్లి