ముందు x, తర్వాత y

గూడూరు దగ్గరి తండా,
సెప్టెంబర్, 2011

ప్రియమైన అన్నకు,

ఫోన్ల చెప్పొచ్చు గానీ యాడి పక్కనే ఉంటది. అమ్మ ముచ్చట అమ్మ ముందర ఎట్ల చెప్పాలె? అందుకే ఉత్తరం రాస్తున్న.

సకల జనుల సమ్మెకు మా బడి బందైంది. మా లెక్కల సారు గూడ నీ తీర్గనే టెంటు కింద కూసున్నడు. పదో తరగతి లెక్కలు ఇగ నాకు ఎవలు చెప్పాలె? 2x + 3y = 13 కు (3, 2) సాధన అవునా కాదా చూడుమన్నరు. గైడుల (2, 3) అయితది, (3, 2) కాదు అని ఉన్నది. రెండిట్లనూ అంకెలు అవే గద. గైడు తప్పా, నేను తప్పా?

యాడి రొమ్ముల గడ్డ నిమ్మకాయంత అయింది. రైక కింద గుడ్డ కట్టుకొని పత్తిల కలుపుకు పోతున్నది. మహబూబాబాద్ డాక్టరమ్మ హైదరాబాద్ పెద్ద దవాఖానకు పోవాలె అన్నది. ఇప్పుడైతే కోసి తీస్తరట, బతుకుతదట. నువ్వు తోల్కపోతనంటివి. ఎప్పుడొస్తవ్?

నీ రాక కోసం చూసే చెల్లె,
నీలి


భూపాలపల్లి

ముద్దుల చెల్లె నీలికి,

గైడు తప్పు గాదు, నువ్వే తొందరపడ్డవ్. బ్రాకెట్ల ఉన్నది ఉత్త జంట గాదు, క్రమయుగ్మం. ముందున్నది x, తర్వాతది y. (3, 2) పెట్టి చూడు. రెండు మూళ్లు ఆరు, మూడు రెండ్లు ఆరు, కలిపితే పన్నెండు. కుడి పక్క పదమూడున్నది. సరిపోలే, కాబట్టి సాధన గాదు. ఇప్పుడు (2, 3) పెట్టు. నాలుగు, తొమ్మిది, పదమూడు. సరిపోయింది. అంకెలు అవే అయినా క్రమం మారితే లెక్క తప్పుతది. ఎవలో చెప్పిన్రని నమ్ముడు గాదు, పెట్టి చూసుకోవాలె.

మా టెంటు మీద 'తెలంగాణ సాధన' అని రాసి ఉంటది. నా తోటి సారు ఒకాయన, "బాల్‌సింగ్, గీ సాధనల x ఎంతనే" అన్నడు. మస్తు నవ్వినం.

యాడి రంది నాకు లేదనుకోకు. ఇక్కడ అందరిని కూసోబెట్టినోన్ని నేనే, నేనే లేచిపోతే ఏమనుకుంటరు? ముందు తెలంగాణ రానీ, తర్వాత యాడి దవాఖాన. నేనే దగ్గరుండి తోల్కపోత. ఇది నా మాట.

పైలం చెల్లె,
మీ అన్న


తండా

ప్రియమైన అన్నకు,

లెక్క సమజైంది. పుస్తకంల ఉన్నయన్నీ పెట్టి చూసిన, ఒక్కటీ తప్పు పోలే. నీ ఉత్తరం యాడికి చదివి వినిపిస్తే సంబురపడ్డది. "మా బాల్యా మాట తప్పడు" అన్నది. ఇప్పుడు కుడి చెయ్యి పైకి లేస్తలేదు. ఆమె జడ నేనే వేస్తున్న.

ఒకటి అడుగుత, కోపం చెయ్యకు. ముందు యాడి, తర్వాత తెలంగాణ అని పెట్టి చూస్తే ఏమైతది? నువ్వు జర రెండు రోజులు లేకపోతే తెలంగాణ ఆగుతదా?

జవాబు రాయి.
నీ నీలి


జనగామ,
అక్టోబర్

ముద్దుల చెల్లెకు,

జవాబు ఆలస్యమైంది, పరేషాన్ కాకు. రైల్ రోకో కోసం మేమంతా జనగామకు వచ్చినం. నిన్న పట్టాల మీదనే వండుకొని తిన్నం. హైదరాబాద్ పోయే బండి వచ్చి మా ముందర ఆగింది. పొద్దుగూకేదాక కదలనియ్యలె. మైకు నా చేతులనే ఉండె. సినిమాలల్ల మన మాటను ఎక్కిరించినోళ్లు విననీ అని మన యాసలనే దంచిన. బండిల జనం చప్పట్లు కొట్టిన్రు. కొడుకు రైలు ఆపిండని యాడికి చెప్పు.

జై తెలంగాణ.
మీ అన్న


తండా

బాల్‌సింగ్ సారుకు,

యాడికి చెప్పే పని లేదు. ఆ బండిల మేమే ఉన్నం.

నువ్వు రావని తెలిసి నేనే తోల్కపోయిన. బస్సుల్లేవు గద, జాల్యా మామ ట్రాక్టర్ల మహబూబాబాద్ దాక తెచ్చి రైలెక్కించిండు. జనగామల బండి ఆగితే కిటికీలకెల్లి చూసినం, నువ్వు. దిగి నీ దగ్గరికి ఉరుకుదామంటే యాడి నా చెయ్యి పట్టుకున్నది. "వాడు పెద్ద పని చేస్తుండు, కదిలియ్యకు" అన్నది. నీ మాటలకు చప్పట్లు గూడ కొట్టింది. కుడి చెయ్యి లేవదు గద, ఎడమ చేత్తోని తొడ మీద కొట్టుకున్నది.

బండి కదిలేముంగట దిగుతనన్నది. "కొడుకు తోల్కపోతనన్నడు. వాణ్ని దాటి నేను పోతే వాని మాట పోతది" అన్నది. ఎంత బతిమాలినా వినలె. మేం దిగేసరికి మీరంతా ఊరేగింపుల పోయిన్రు. ఇంటికి మళ్లినం.

తర్వాత గడ్డ పగిలింది. డాక్టరమ్మ చూసి, "ఇగ కోసేటందుకు లేదు, ఇంటికాడనే ఉంచుకోండ్రి" అన్నది. సమ్మె ఆగిపోయింది. బడి తెరిచిన్రు. తెలంగాణ రాలె.

నువ్వు చెప్పిన క్రమంలనే పెట్టి చూసిన సార్. సరిపోలే. ఇప్పుడు క్రమం మార్చినా సరిపోదు. నీ మీద నాకు మస్తు కోపమున్నది, అది పోదు. అయినా ఒక్కసారి రా. తెలంగాణ వస్తే కొడుకొచ్చి తోల్కపోతడని యాడి వాకిట్ల కూసుంటున్నది. వచ్చి, తెలంగాణ వచ్చిందని ఆమెకు అబద్ధం చెప్పు. నేను చెప్పిన, నమ్మలే. "బాల్యా చెప్పాలె" అన్నది.

నీలి