చైన్ తెగిన చలికాలం

డిసెంబరు 3

అల్లుడుగారికి,

మీరు ఎలా ఉన్నారు? మోకాలు ఎలా ఉంది? మీ కింది వాటా ముసలాయన దగ్గు తగ్గిందా? ఆయన దగ్గితే మీ గదిలో గ్లాసులు గలగలమంటాయని పోయినసారి రాశారు. మీ అచ్చాఫీసులో కాగితాల కత్తెర కింద వేలు పెట్టుకున్నాయనకి వేలు అతుక్కుందా? సైకిలు ఎలా ఉంది? రోజూ మిమ్మల్ని మోసేది అదే గనక దాన్నీ అడగాలి. నా సంగతికేం, తింటున్నాను, తిరుగుతున్నాను.

ఇక్కడ చలి ఎముకలు కొరుకుతోంది. కుళాయి కూడా ఒక మూలుగు మూలిగి అప్పుడు నీళ్ళు వదులుతోంది. మీ దగ్గర ఇంకా ఎక్కువని రేడియోలో చెప్పారు. అంత చలిలో, తెల్లారకముందే, కాలవ గట్టున తొమ్మిది కిలోమీటర్లు సైకిలు తొక్కుతున్నారు. అది చాలదన్నట్టు అది ఉమ్మడి దారట. నడిచేవాళ్ళూ, పరిగెత్తేవాళ్ళూ, కుక్కలూ, సైకిళ్ళూ అన్నీ ఒక్క దారినేనా? ఉమ్మడి గోడ మీద పిల్లి నడిచినా రెండిళ్ళకూ తగువొచ్చే లోకం ఇది. ఉమ్మడి అన్నది ఏదైనా ఇప్పటిదాకా సుఖంగా నడిచిందా?

ఏడింటి పనికి బస్సు అందదని రాశారు. జారే సైకిలు కంటే అందని బస్సే మేలు. అమ్మాయి పోయి రెండేళ్ళు దాటింది. నాకు అటు మీరు, మీకు ఇటు నేను, అంతే. ఈ ఒక్క పోగూ తెగితే మళ్ళీ ముడేసేవాళ్ళు లేరు. నా భయమంతా అదే.

ఉంటాను,
మీ అత్తయ్య

తా.క. మఫ్లరు అల్లుతున్నాను. అది వచ్చేదాకా ముందు బ్రేకు వేయకండి, జారుతుంది. వెనక బ్రేకూ వేయకండి, అదీ జారుతుందట. దిగి నడిపించుకుపోండి.


డిసెంబరు 11

అత్తయ్యగారికి నమస్కారాలు.

నేను బాగున్నాను. మోకాలూ బాగుంది. కింది వాటా ఆయన పోయిన వారం చనిపోయారు. ఇప్పుడు గ్లాసులు కదలడం లేదు. వేలు అతకలేదు.

దారి మీరనుకున్నంత చెడ్డది కాదు. మంచు పడ్డ రోజు బండి వచ్చి దారి ఊడ్చేసరికి ఎనిమిదవుతుంది. ఆరింటికే నేను గట్టు మీద ఉంటాను. కానీ రోజూ నాకు ముందుగా ఒకావిడ వెళ్తుంది. ఆవిడ వేసిన జాడలోనే నేనూ పోతాను. ఆవిడ ఉంటే నాకు భయం లేదు. వంతెన కింద మాత్రం నీళ్ళు గడ్డకట్టి అద్దంలా ఉంటాయి, కంటికి ఆనవు. అక్కడ ఇద్దరం దిగి నడుస్తాం.

మొన్న అక్కడే చైన్ తెగింది. మా పెళ్ళయిన ఏటిది. ఎన్నిసార్లని అతికిస్తాం? తీసి చెత్తడబ్బాలో పడేశాను. ఆ సాయంత్రమే కొత్తది వేయించాను. పాతది ఒకటే గోల చేసేది. కొత్తది కిమ్మనదు. ఇన్నేళ్ళూ ఎందుకు ఓర్చుకున్నానా అనిపించింది.

మీరు బయటికి వెళ్ళేటప్పుడు మెట్ల మీద జాగ్రత్త.

మీ అల్లుడు

తా.క. నిజం చెప్పాలంటే ఆవిడే లేకపోతే నేనీ చలికాలం గట్టెక్కేవాణ్ణి కాను.


డిసెంబరు 16

మహారాజశ్రీ అల్లుడుగారి సముఖానికి,

మీరు క్షేమమని తెలిసింది. కొత్తావిడ కూడా క్షేమమనే అనుకుంటాను.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదువు తక్కువదాన్ని, తప్పు చదివానేమోనని మందుల షాపామెతో కూడా చదివించాను. ఆమె కూడా అలాగే చదివింది. చదివి, “పోనీలెండి పెద్దమ్మా, మగమనిషి ఎన్నాళ్ళని ఒంటరిగా ఉంటాడు” అంది. ఆమెకేం, పోయింది ఆమె గొలుసు కాదు.

ఆ చైన్ నా మెళ్ళోంచి తీసి నా బిడ్డ మెళ్ళో వేశాను. పెళ్ళినాడు కొక్కెం బిగవకపోతే నా పళ్ళతో నొక్కాను. ఆ పన్ను ఇప్పటికీ కదులుతోంది. తెగితే తెగింది, అతికేవాళ్ళే కరువయ్యారా? బంగారాన్ని చెత్తడబ్బాలో పడెయ్యడానికి చెయ్యెలా వచ్చింది? నా బిడ్డ గుర్తు అంత బరువైపోయిందా?

పైగా ఆ సాయంత్రమే కొత్తది వేయించారు. సాయంత్రం దాకా ఆగారు, మీ ఓపిక మెచ్చుకోవాలి. నా బిడ్డ గోల చేసేదా? చేసే ఉంటుంది. నా కడుపున పుట్టింది మరి, మూగదెలా అవుతుంది?

ఇక్కడ పెద్దాసుపత్రిలో ఒక కాగితమిచ్చి, దగ్గరి చుట్టం పేరు రాయమన్నారు. మీ పేరే రాద్దామనుకున్నాను. ఇప్పుడు ఆ గీత మీద ఎవరిని రాయాలో తెలియక ఖాళీగా ఉంచాను. మీకు దాంతో పనిలేదు.

ఇట్లు,
ఒకప్పుడు మీకు అత్తగారు

తా.క. కొత్తది కిమ్మనదని రాశారు. మొదటి ఏడాది నా బిడ్డా కిమ్మనలేదు.


డిసెంబరు 19

అల్లుడుగారికి,

మీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. పోయిన ఉత్తరం పోస్టు డబ్బాలో పడగానే మనసు మారి, చెయ్యి పెట్టి తీద్దామని చూశాను. మణికట్టు దాకా పట్టింది, ఉత్తరం అందలేదు. చెయ్యీ వెనక్కి రాలేదు. పోస్టాయన వచ్చి తాళం తీసి నన్ను విడిపించాడు గానీ, ఉత్తరం ఇవ్వనన్నాడు. డబ్బాలో పడ్డాక అది నాది కాదట.

కూర్చుని ఆలోచించాను. మీరు మనిషి, రాయి కాదు. మంచులో ముందు నడిచి దారి చూపించే ఆడమనిషి చెడ్డదై ఉండదు. చేసుకున్నారు, మంచిదే. చల్లగా ఉండండి. ఆ మాటా ఈ చలికి రాయబుద్ధి కావడం లేదు, వెచ్చగా ఉండండి.

ఒక్క మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. మగవాడు రెండో పెళ్ళి చేసుకుంటే మొదటి భార్య తల్లి అతనికి ఏమవుతుంది? దానికి ఏదైనా పిలుపుందా? మందుల షాపామెనడిగితే “ఏమీ కాదు పెద్దమ్మా” అంది. మందులే సరిగా ఇవ్వదు, ఆమెకి చుట్టరికాలేం తెలుసు.

మఫ్లరు పూర్తయింది, పంపుతున్నాను. అది ఆవిడకివ్వండి. ముందు వెళ్ళేది ఆవిడ గనక గాలి ఆవిడకే ఎక్కువ కొడుతుంది.

ఏమవుతానో తేలేదాకా,
అత్తయ్య

తా.క. మీ కొలతకి అల్లాను. పొడవెక్కువైతే రెండు చుట్లు చుట్టుకోమనండి.


డిసెంబరు 27

అత్తయ్యగారికి నమస్కారాలు.

మంచుకి రైళ్ళు ఆగి, మీ రెండు ఉత్తరాలూ మఫ్లరూ ఒకే రోజు అందాయి.

తెగింది సైకిలు చైన్. ఇనపది. పెడలు తొక్కితే వెనక చక్రాన్ని తిప్పేది. గోల చేసిందీ, చెత్తడబ్బాలో పడిందీ అదే. మీ గొలుసు నా మెళ్ళో ఉంది, చొక్కా లోపల. ఎదురుగాలికి ఒంట్లో అన్నిటికంటే ముందు అదే చల్లబడుతుంది. వంతెన దాటేసరికి గుండె మీద సూదిలా గుచ్చుతుంది. తీసి ఇంట్లో పెట్టుకోవచ్చు. పెట్టలేదు.

నేను పెళ్ళి చేసుకోలేదు. ఆవిడ రోజూ రొట్టెల బట్టీ దగ్గర దిగి లోపలికి పోతుంది, అక్కడే పని కాబోలు. ఆవిడదీ సైకిలే. అరవై దాటి ఉంటాయి, అదీ నడకని బట్టి చెబుతున్నాను. కళ్ళ కింద నుంచి మొత్తం కప్పుకుంటుంది, ఇంతవరకు ఆవిడ ముక్కు కూడా చూడలేదు. మూడు చలికాలాల్లో మేం అనుకున్నది “జాగ్రత్త” అన్న ఒక్క మాట. అదీ వంతెన కిందే.

మీరు ఇవ్వమన్నారని మఫ్లరు ఆవిడకిచ్చాను. ఎందుకని అడిగింది. మా అత్తగారు మీరు నా భార్య అనుకుంటున్నారని చెప్పడానికి నోరు రాలేదు. ముందు గాలెక్కువ కదా అన్నాను. రెండు చుట్లు చుట్టుకుని వెళ్ళిపోయింది. ఇప్పుడు నాకు మఫ్లరు లేదు.

చైన్ తెగిన రోజు పడ్డాను. కుడి మణికట్టు వాచింది, అందుకే ఈ వంకర అక్షరాలు. మీరు కంగారుపడతారని రాయలేదు. ఇప్పుడు నాది చెప్పాను గనక మీదీ చెప్పండి. ఆసుపత్రి ఎందుకు? ఆ కాగితం ఏమిటి? దాని మీద నా పేరే రాయండి. ఏ రోజో చెబితే వస్తాను.

మీ అల్లుడు, ఇప్పటికీ

తా.క. గోల సంగతి చైన్ గురించి రాశాను. మీ అమ్మాయి కూడా చేసేది, కానీ అది నేను రాయలేదు, మీరే రాశారు. ఇంట్లో ఆ గోల ఆగి రెండేళ్ళయింది. బయటి చలే నయం.


జనవరి 2

నాయనా,

ఎలా ఉన్నావు? మణికట్టు వాపు తీసిందా? నువ్వు అన్నానని ఉలిక్కిపడకు. కారణముంది, చెబుతాను.

కడుపులో గడ్డ ఉందట. ఒక డాక్టరు నిమ్మకాయంత అంటాడు, ఇంకో డాక్టరు నారింజంత అంటాడు. పళ్ళ కొట్లో నిలబడ్డట్టుంది. కోసి తీస్తారట. తీశాక గానీ అదేం గడ్డో చెప్పరట. నువ్వు మణికట్టు దాచావు, నేను కడుపు దాచాను. ఒకళ్ళనొకళ్ళం అనుకోవడానికేం లేదు.

నీ ఉత్తరం అందగానే వెళ్ళి కాగితం మీద నీ పేరు రాయించాను. కిటికీ వెనక గుమాస్తా “ఏమవుతాడు?” అంది. అల్లుడన్నాను. “మరి మీ అమ్మాయినే రమ్మనండి” అంది. అమ్మాయి లేదన్నాను. “అమ్మాయి లేకపోతే ఇంక అల్లుడేమిటి పెద్దమ్మా? సొంతవాళ్ళు సంతకం పెడితే తప్ప కొయ్యరు” అంది. నా వెనక పద్దెనిమిది మంది నిలబడి ఉన్నారు, అందరూ దగ్గుతున్నారు. “నోరు జారింది, కొడుకు” అన్నాను. ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత అల్లుడు కొట్టేసి, కొడుకు అని రాసి, ముద్ర గుద్దింది. గుండ్రటి ముద్ర. ఇక అది నీ వల్లా చెరగదు, నా వల్లా చెరగదు.

కాబట్టి అక్కడున్నన్నాళ్ళూ నేను మీ అమ్మని. అత్తయ్యగారూ అన్నావంటే బల్ల మీంచి దింపేస్తారు. కొడుకుని మీరు అనే తల్లి ఎక్కడా ఉండదు గనక నేను ఈ ఉత్తరం నుంచే అలవాటు చేసుకుంటున్నాను. నువ్వూ పొద్దున్నే ఆ గట్టు మీద తొక్కుతూ అలవాటు చేసుకో. కష్టమేం కాదు. జారిపడేటప్పుడు ఎవరైనా అనేది ఆ మాటే. పడకుండా అనడం నేర్చుకో, చాలు.

పోలికేదీ అని ఎవరైనా అడిగితే తండ్రి పోలికని చెబుతాను.

నాకు భయంగా ఉంది. డాక్టర్లకి చెప్పలేదు, మందుల షాపామెకి చెప్పలేదు. అల్లుడికైతే ఇలాంటివి రాయకూడదు. కొడుకువి గనక రాస్తున్నాను.

ఇట్లు,
అమ్మ

తా.క. అసలు సంగతే రాయలేదు. నన్ను లోపలికి తీసుకెళ్ళేది పొద్దున్న ఏడింటికి, నువ్వు ముందురోజు సాయంత్రానికల్లా ఇక్కడుండాలి. కొయ్యడం పన్నెండో తారీఖు, మంగళవారం. నువ్వు వచ్చేది పదకొండు, సోమవారం.