పిట్టకు దక్కకూడని మైదానం

నేను, ఇరవై ఏళ్ళు ఫుట్‌బాల్ ఆడి బతికిన సెంటర్ ఫార్వర్డును, జనం "నిచ్చెన" అని పిలిచినవాణ్ణి, మా ఇంటి భోజనాల బల్ల దగ్గర కూర్చుని, ఎవరి ప్రోద్బలమూ బెదిరింపూ లేకుండా, పూర్తి తెలివితో, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. మోకాలు పోయింది గానీ మతి పోలేదు. మతి సంగతి మా ఆవిడని మాత్రం అడగవద్దు. దీన్ని అమలు చేసే బాధ్యత ఎదురుగా కూర్చున్న నా లాయరుది. ఇంతకుముందు రాసినవేవీ చెల్లవు.

సాక్షులిద్దరూ హాల్లో ఉన్నారు. ఒకరు మా వీధి మందుల షాపాయన. రెండోవాడు పిట్ట. పిట్ట అంటే నా పక్కన ఆడిన రెండో ఫార్వర్డు. పొట్టివాడు, నేల తాకనట్టు పరిగెత్తేవాడు, అందుకని ఆ పేరు. సాక్షి సంతకం పెట్టినవాడికి వీలునామాలో ఏం రాసినా చెల్లదని లాయరు చెప్పగానే, మరో ఆలోచన లేకుండా వాడి పేరు చెప్పాను. నా ఆస్తి పంపకానికి సంతకం పెట్టాలి, అందులో తనకి చిల్లిగవ్వ కూడా లేదని తెలియాలి. ఇప్పుడు హాల్లోంచి మా ఆవిడ నవ్వు వినిపిస్తోంది. ఏం చెప్పాడో ఏమో.

ఒకటి. నేనుంటున్న ఈ ఇల్లు నా స్వార్జితం. పెద్ద క్లబ్బు వాళ్ళు సంతకం పెట్టించుకున్న రోజున ఇచ్చిన సొమ్ముతో కట్టాను. ఇది నా తదనంతరం నా భార్యకు సర్వహక్కులతో చెందవలెను. నా మోకాలికి ఆపరేషనైన ఏడాదంతా నన్ను బాత్రూముకి నడిపించిన మనిషి ఆమె. ఆమె కుడి భుజం ఇప్పటికీ కాస్త కిందికి ఉంటుంది, అది నా బరువే. ఒక్క షరతు. జట్టు ఫోటో హాల్లో తగిలించకూడదు. అందులో మధ్యలో నిలబడింది పిట్ట. నన్ను పొడుగని వెనక వరుసలోకి తోశారు. ఇంకో మాట. వాడు ఆమెను చెల్లెమ్మా అంటాడు, ఆమె వాడిని అన్నయ్యగారూ అంటుంది, నాకు తెలియదా? అయినా నేను చెప్పిన జోకుకి ఆమె అలా నవ్వి ఎన్నేళ్ళయింది? వాడి టీలో చక్కెర ఎక్కువ వేస్తుంది. నాకు షుగరుందని నా టీలో అసలు వేయదు. కారణం న్యాయమైనదే, కడుపుమంట మాత్రం తగ్గదు.

రెండు. బ్యాంకు డిపాజిట్లు, గోలుకింతని వచ్చిన బోనస్సులతో సహా, నా కొడుకుకి. వాడికి బంతంటే భయం, లెక్కలంటే ఇష్టం, కాబట్టి భద్రంగా ఉంటాయి. వాడి చిన్నప్పుడు ఒక విలేఖరి మా ఇంటికొచ్చి, నీకు ఏ ఆటగాడంటే ఇష్టం బాబూ అని అడిగితే, నా ఒళ్ళో కూర్చునే "పిట్ట బాబాయి" అన్నాడు. అది పేపర్లో పడింది. పసివాడి మాట అని అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మర్చిపోలేదు. అందుకే డిపాజిట్లతో పాటు బూట్ల కంపెనీ పోస్టరు కూడా వాడికే ఇస్తున్నాను, తన ఆఫీసు గదిలో పెట్టుకోవాలి. మా ఇద్దరినీ నిలబెట్టి ఫోటో తీసి, అచ్చులో పిట్ట ముఖం పూర్తిగా వేసి, నన్ను నడుం దగ్గర కోసేశారు. నా కాళ్ళు మాత్రం బాగా వచ్చాయి.

మూడు. అద్దాల పెట్టెలో ఉన్న ఫైనల్ మ్యాచ్ బూట్లు ఎవరికీ ఇవ్వడం లేదు. నాతోనే రావాలి. ఎందుకో తెలియనివారి కోసం రాస్తున్నాను. ఆ ఫైనల్లో ఆట ముగియబోతుండగా నేను కొట్టిన బంతి గోల్‌కీపర్ని దాటి, ఖాళీ గోల్లోకి దొర్లుకుంటూ పోతోంది. దాన్ని ఆపేవాడు లేడు. గీత దగ్గరున్న పిట్ట, దాని దారిన దాన్ని పోనివ్వక, కాలు అడ్డం పెట్టి తనే లోపలికి తోశాడు. వాడు ఆఫ్‌సైడులో, అంటే బంతి తాకకూడని చోట ఉన్నాడు. తాకకపోతే అది గోలే. తాకాడు కాబట్టి లైన్స్‌మన్ జెండా ఎత్తాడు, గోలు రద్దయింది, కప్పు పోయింది. మర్నాడు పేపరు నిండా పిట్ట ఏడుస్తున్న ఫోటో. గోలు పోయింది నాది, ఊరంతా ఓదార్చింది వాడిని! ఈ వీలునామా ద్వారా లైన్స్‌మన్‌ను క్షమిస్తున్నాను, అతని పని అతను చేశాడు. పిట్టను క్షమించడం లేదు.

నాలుగు. రైలు గేటు పక్కనున్న మైదానం. ఆఖరి క్లబ్బు జీతంతో కొన్నాను. అప్పటికే పిట్ట అక్కడ పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. సంపాదించిందంతా అడిగినవాళ్ళకల్లా ఇచ్చేసి, సైకిల్ షాపు మీద ఒంటిగదిలో ఉంటున్న మనిషి. నెలనెలా నా గుమ్మం ఎక్కి నాకే అద్దె కట్టాలని పనిగట్టుకుని కొన్నాను. చివరికి అయిందేమిటి? నెలనెలా వచ్చి, అద్దె బల్ల మీద పెట్టి, గంటసేపు మా ఆవిడతో కబుర్లాడి పోతున్నాడు. అది చాలదన్నట్టు నా మనవరాలు వాడి దగ్గర చేరింది. కొడుకు కూతురు. మా ఇంట్లో నా తర్వాత బంతిని తన్నడం తెలిసినది అదొక్కతే. నా దగ్గర నేర్చుకోవే అంటే "నువ్వు తిడతావు తాతయ్యా" అంది. ఇక పొద్దున లేస్తే సార్ ఇలా అన్నారు, సార్ అలా అన్నారు. కావున నా తదనంతరం సదరు మైదానాన్ని షాపుల కాంప్లెక్సు కట్టేవారికి అమ్మి, ఆ సొమ్ము నా మనవరాలి పేర వేయవలెను. పిట్ట వేరే చోటు వెతుక్కోవచ్చు.

పై దఫా రాసి సిరా ఆరకముందే జరిగింది ఇది. సార్ లేకుండానే ప్రాక్టీసు ముగించుకుని మనవరాలు ఇక్కడికే వచ్చింది. పిట్ట టీ గ్లాసుతోనే పెరట్లోకి దిగాడు. కిటికీ తెరిచే ఉంది. "అలా బంతి వెంట పడకమ్మా. ముందు దూరంగా పో. డిఫెండరు నిన్ను మర్చిపోవాలి, అప్పుడు రా. మీ తాత అలాగే వచ్చేవాడు. నాకా విద్య ఈ జన్మకి రాలేదు" అంటున్నాడు. మరి ఫైనల్లో ఏమైంది సార్ అని పిల్ల అడిగింది. "ఏముంది, అది మీ తాత గోలు. పేరు నాకు రావాలని ఆశపడి కాలు పెట్టాను" అన్నాడు, టీలో చక్కెర సరిపోయిందని చెప్పినంత మామూలుగా. ఆ మాట నాతో ఒక్కనాడూ అని ఎరగడు! పిల్ల బట్టలారేసే తీగ అవతలిదాకా నడిచి, ఆగి, ఉన్నట్టుండి ఎడమ భుజం ముందుకు వేసి దూసుకొచ్చింది. అచ్చం నేను. అంటే ఇన్నాళ్ళూ వాడు ఆ పిల్లకి నేర్పింది నా ఆటా?

నాకు కళ్ళు చెమర్చాయని లాయరు చెబితే నమ్మకండి. ఒళ్ళు మండింది. జనంలో పేరు వాడికే, ఫోటోలో మధ్యచోటు వాడికే, ఇప్పుడు మంచితనంలో కూడా వాడే నాకంటే ముందుండాలా? చచ్చినా ఒప్పుకోను.

ఐదు. నాలుగో దఫాలోని అమ్మకం మాట కొట్టివేస్తున్నాను. మైదానం నా మనవరాలికి దఖలు పడవలెను. పిట్ట బతికున్నంత కాలం అద్దె లేకుండా అందులో పిల్లలకు ఆట నేర్పుకునే హక్కు అతనికి రాసి ఇస్తున్నాను. దాన్ని రద్దు చేసే అధికారం ఎవరికీ లేదు. గేటు మీద నా పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలి, వాడు రోజూ దాని కిందనుంచే లోపలికి పోవాలి. వాడి పేరు కూడా వేయండి, చిన్నగా. మరీ అంత చిన్నగా అక్కర్లేదు, దూరం నుంచి కనబడేటట్టు.

ఆ పిల్లను తయారుచేసింది వాడే. ఆ బంతి దానంతటదే గోల్లోకి పోతోందని నాకు తెలుసు. ఈసారి పేరు కోసం గీత దగ్గర కాలు పెడుతున్నది నేను. జెండా ఎత్తేవాళ్ళు ఎత్తుకోండి.

హక్కు పొందినవాడు సాక్షి కాకూడదు, ఏదో ఒకటి తేల్చుకోండి అన్నాడు లాయరు. తేల్చుకున్నాను.

తేదీ: మార్చి పదకొండు, మంగళవారం సాయంత్రం.

సంతకం: నిచ్చెన

సాక్షులు:
1. మందుల షాపు యజమాని
2. పక్కింటి టైలరు (అప్పటికప్పుడు పిలిపించినవారు)

గమనిక: రెండో సాక్షిగా ముందు రాసిన పేరు కొట్టివేసింది నేనే. నీ సంతకం అక్కర్లేదని చెబితే, "సంతకానికి కూడా పనికిరానట్రా నేను?" అని ముఖం మాడ్చుకుని హాల్లో మూల కుర్చీలో కూర్చున్నాడు. మా ఆవిడ మళ్ళీ టీ పెడుతోంది. ఇన్నేళ్ళలో వాడు నా మీద అలగడం ఇదే మొదలు. కారణం నేను పోయేదాకా వాడికెవరూ చెప్పరాదు.