జాబితాలో లేని పేరు

క్షయ పరీక్షల ఆఫీసులో డబ్బాలు పంచే అమ్మాయిగారికి, ఫలకాలు చెక్కే మేస్త్రి నమస్కరించి, ఆ పని అయిపోయింది కనుక ఇక కోపంతో రాస్తున్నది:

నిన్న మీరు మా రాళ్ళ షెడ్డుకి వచ్చి, యజమాని ముందు, పనివాళ్ళందరి ముందు, క్షయ ముప్పు ఎక్కువున్నవాళ్ళ జాబితా అని పైకి చదివారు. మొదటి పేరు నాది. తల కొట్టేసినట్టయింది. నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ప్రారంభోత్సవ ఫలకాలన్నీ చెక్కుతున్నవాణ్ణి. మీ ఆఫీసు గుమ్మం పక్కనున్న రాయి కూడా నా చేతిదే. దాని మీద పెద్దలందరి పేర్లూ ఉన్నాయి, చెక్కినవాడి పేరు తప్ప. ఇన్నాళ్ళకి నా పేరు ఎక్కించింది మీరే, అదీ రోగాల పట్టీలోనా?

మీరలా వెళ్ళారో లేదో, యజమాని నా టీ గ్లాసు విడిగా పెట్టించాడు. నాది దుమ్ము దగ్గు. ఈ పనిలో దగ్గనివాడు పని ఎగ్గొట్టినవాడని లెక్క. నా పేరు కొట్టేయండి.

ఇట్లు,
ఏ రోగమూ లేని మేస్త్రి

తా.క. మీరిచ్చిన మూత డబ్బా ముద్దుగా ఉందని మా ఆవిడ బొత్తాలు వేసుకోబోయింది. అది దేనికో చెప్పేసరికి నవ్వి నవ్వి దగ్గింది.

*

మేస్త్రిగారికి నమస్కారాలు.

పేరు కొట్టేయడం కుదరదు. అది దొంగల జాబితా కాదు. ఏళ్ళ తరబడి రాతి దుమ్ము పీల్చినవాళ్ళని క్షయ తేలిగ్గా పట్టుకుంటుంది. మీకు ఉందని మేము అనలేదు, ఉందో లేదో చూద్దామన్నాం. గుమ్మడికాయల దొంగ అంటే మీరెందుకు భుజాలు తడుముకుంటారు?

అందరి ముందు చదవడం మాత్రం నా తప్పే. గ్లాసు సంగతి మీ యజమానితో నేను మాట్లాడతాను. షెడ్డులో మిగతావాళ్ళంతా డబ్బాలు ఇచ్చేశారు. పొద్దున్న లేవగానే లోపల్నించి బాగా దగ్గి, వచ్చిన కఫం అందులో వేసి పంపండి.

ఇట్లు,
ఆరోగ్య కార్యకర్త

తా.క. బొత్తాలు వద్దని మీ ఆవిడగారికి చెప్పండి.

*

మాట్లాడతానన్న అమ్మాయిగారికి,

మాట్లాడారు, సంతోషం. మూలిగే నక్క మీద తాటిపండు పడింది. మొన్నటిదాకా గ్లాసే విడిగా ఉండేది. మీరు మాట్లాడి వెళ్ళాక, పరీక్ష కాగితం తెచ్చేదాకా ఉలి ముట్టుకోవద్దన్నాడు. మూడు రోజులుగా ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్నాను. అక్కడ సగం చెక్కిన ఫలకాన్ని నిన్నగాక మొన్న పనిలో చేరినవాడి చేతికిచ్చారట. వాడికి అక్షరం కుదురుగా రాదు.

మీ డబ్బా అసలు కథ నాకు తెలుసు. ముసలాణ్ణి సాగనంపడానికి మీరూ మా యజమానీ కూడబలుక్కున్నారు. నేనివ్వను. ఏం చేసుకుంటారో చేసుకోండి.

ఇట్లు,
ఉలి పోయిన మేస్త్రి

తా.క. మా ఆవిడ మాత్రం హాయిగా ఉంది. నా దుమ్ము చొక్కాలు రోజూ పెరట్లో దులిపి ఉతికే పని మూడు రోజులుగా తప్పిందట. ఈ ఉత్తరం చదివి మళ్ళీ నవ్వింది, మళ్ళీ దగ్గింది.

*

మేస్త్రిగారికి,

మీ యజమానికి అలా ఆపే హక్కు లేదని మా డాక్టరుగారి చేత కాగితం రాయించి పంపాను. రేపట్నించి పనికి వెళ్ళండి. కూడబలుక్కున్నామన్న మాటకి నాకూ ఒళ్ళు మండింది. ఎండలో గుమ్మం గుమ్మం తిరిగి తిట్లు తినడం నాకేం సరదా కాదు. పేజీలకి పేజీలు కోపం కక్కగలరు, డబ్బాలో చెంచాడు కఫం వెయ్యలేరా?

ఎల్లుండిలోగా డబ్బా రాకపోతే మీ గుమ్మంలోనే వచ్చి కూర్చుంటాను.

ఇట్లు,
మీ తిట్లు తిన్న కార్యకర్త

తా.క. ఇంట్లో ఇంకెవరికైనా రెండు వారాలుగా దగ్గుంటే రాయండి.

*

అమ్మాయిగారికి,

ఇదిగో డబ్బా. ఈ ఉత్తరంతో పాటు మీ ఆఫీసు కిటికీలో ఇచ్చి వెళుతున్నాను. కళ్ళు చికిలించుకుని చూసుకోండి. ఇంట్లో దగ్గేవాళ్ళెవరూ లేరు. మా ఆవిడకి నవ్వు జబ్బు తప్ప ఇంకో జబ్బు లేదు. ముప్పై ఏళ్ళలో డాక్టరు గడప తొక్కలేదు, గుండ్రాయిలా ఉంది.

ఇట్లు,
మాట నిలబెట్టుకున్న మేస్త్రి

తా.క. ఏమీ లేదని తేలాక, ఆ ముక్క కూడా యజమాని ముందు గట్టిగా చదవాలి.

*

మేస్త్రిగారికి,

కంగారు పడకండి. కఫంలో క్షయ క్రిములున్నాయి. రెండుసార్లు చూశాం. ఆరు నెలలు మానకుండా మందులు వేసుకుంటే నయమవుతుంది, పైసా ఖర్చు లేదు. ఈసారి ఎవరి ముందూ చదవలేదు, ఇది మీకొక్కరికే. రేపు పొద్దున్నే రండి.

ఇట్లు,
ఆరోగ్య కార్యకర్త

తా.క. మీ ఆవిడగారినీ తీసుకురండి. ఆ నవ్వు సంగతి నేను ముందే అడగాల్సింది.

*

అమ్మా,

ఆ డబ్బాలోది నాది కాదు.

నాకు భయమేసింది. నాలో ఏదైనా బయటపడితే ఉలి శాశ్వతంగా పోతుందనుకున్నాను. ఇంట్లో జబ్బు లేని మనిషి ఎవరా అని చూశాను. కాస్త దగ్గి ఇందులో వెయ్యవే అని మా ఆవిడని బతిమాలాను. మోసం కాదూ అంది, నవ్వింది, దగ్గింది, ఇచ్చింది.

మీ ఉత్తరం నేనే చదివి వినిపించాను. ఈసారి నవ్వలేదు. "అయితే మీకు లేనట్టేగా?" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

నా మీద నాకు ఒళ్ళు మండిపోతోంది. నెల రోజులుగా పక్కనే దగ్గుతుంటే నవ్వనుకున్నాను. మీ మీదా కోపం తగ్గలేదు. షెడ్డులో అందరి పేర్లూ రాసుకున్నారు, ఆ షెడ్డు బట్టలు దులిపే ఆడవాళ్ళ పేరు ఒక్కటి రాసుకోలేదేం? దుమ్ము ఇంటికొచ్చింది, ఆ దుమ్ము మోసుకుని మేమూ ఇంటికొచ్చాం. మీ కాగితం షెడ్డు దగ్గరే ఆగిపోయింది.

రేపు పొద్దున్నే మీ గుమ్మం పక్కన, నేను చెక్కిన రాయి దగ్గర ఇద్దరం నిలబడి ఉంటాం. తన పేరు తనే చెబుతుంది. అందరికంటే పైన రాసుకోండి.

ఇట్లు,
డబ్బా మార్చినవాడు

తా.క. నా డబ్బా కూడా తెస్తున్నాను. ఇది నిజంగా నాదే. నేను దగ్గేటప్పుడు మా ఆవిడ ఎదురుగా నిలబడి చూస్తానంది, మూత కూడా తనే బిగిస్తుందట.